బోరు నీళ్ళు, మే ఎండ, స్ప్రే వ్యాక్స్: కారు ఆరబెట్టడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురంలో కారు కడగడం పెద్ద పని కాదు. కడిగిన కారును మచ్చ పడకుండా ఆరబెట్టడమే అసలు పని. బోరు నీళ్ళు ఉప్పు, ఎండకు తొందరెక్కువ, పైగా గాలి లేస్తే ఎర్రమట్టి. కడిగాక తుడిచేటప్పుడు స్ప్రే వ్యాక్స్ వాడితే ఏం లాభం, ఎక్కడ వాడకూడదు అని అడిగేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. వాళ్ళు మళ్ళీమళ్ళీ అడిగేవన్నీ ఇక్కడ ఉన్నాయి. కర్నూలు, కడప వాళ్ళకు కూడా దాదాపు ఇవే జవాబులు.

తడి కారు మీద వ్యాక్స్ కొట్టడమేంటి? వ్యాక్స్ పొడి బాడీ మీద కదా వేయాలి?

డబ్బాలో ముద్దగా వచ్చే వ్యాక్స్ అయితే అంతే. పొడి బాడీ మీద రాసి, మసక కట్టాక తుడవాలి. స్ప్రే వ్యాక్స్ వేరు. కార్నాబా మైనమో, సింథటిక్ పాలిమర్లో నీళ్ళలో చాలా సన్నగా కలిపి, జారుడు కోసం ఇంకొన్ని పదార్థాలు చేర్చి సీసాలో పోస్తారు. తడి ప్యానెల్ మీద కొట్టి టవల్‌తో తుడిస్తే నీళ్ళు టవల్‌లోకి పోతాయి, మైనం పల్చగా పెయింట్ మీద మిగులుతుంది.

మెరుపు కోసమే దీన్ని కొనేవాళ్ళు ఎక్కువ. నా లెక్కలో మెరుపు రెండో విషయం. బానెట్ మీద సగానికి మాత్రమే కొట్టి, రెండు వైపులా అదే టవల్‌ను లాగి చూడండి. కొట్టని వైపు టవల్ పట్టేసినట్టు ఆగి ఆగి వస్తుంది, వెనకాల సన్నటి తడి చారను వదిలేస్తుంది. కొట్టిన వైపు చేతికి బరువే తెలియదు, నీళ్ళు ఒక్క లాగుకే పోతాయి. ఆ పట్టేసే చోటే గీతలు పడేది. కారు పైపొర క్లియర్ కోట్ మందం సుమారు 40–50 మైక్రాన్లు, అంటే తలవెంట్రుక కంటే పల్చన. ఎండలో నల్లకారు మీద సాలెగూడులా కనిపించే గీతల్లో చాలావరకు రోడ్డు మీద పడినవి కావు, కడిగేటప్పుడు, తుడిచేటప్పుడు మన చేతులతో పడినవే.

ఎంత శుభ్రంగా కడిగినా తెల్ల మచ్చలు ఎందుకొస్తాయి?

మచ్చ సోపుది కాదు, మురికిది కాదు. నీళ్ళదే. బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగి ఉంటాయి. నీరు ఆవిరైపోతుంది, లవణాలు ఎక్కడికీ పోవు. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన ఐఎస్ 10500 ప్రకారం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల దాకా ఉంటే మంచిది, వేరే దిక్కు లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. గీజర్‌లో, బాత్రూం కుళాయి మొదట్లో తెల్లగా గట్టిగా పేరుకునేది మీరు చూసే ఉంటారు. కారు మీద పడేదీ అదే సరుకు.

మచ్చను దగ్గర నుంచి చూస్తే నిండు చుక్కలా ఉండదు. అంచు చుట్టూ తెల్లటి రింగు, మధ్యలో దాదాపు ఖాళీ. బొట్టు ఆరేటప్పుడు అంచు దగ్గర నీరు త్వరగా ఆవిరవుతుంది, ఆ లోటు పూడ్చడానికి మధ్యలోని నీరు లవణాలను మోసుకుంటూ అంచుకు పోతుంది. అందుకే రింగు. మొదటి రోజు అది పైపైనే ఉంటుంది, తడి గుడ్డకు పోతుంది. రోజూ ఎండలో కాగుతూ వారాలు గడిస్తే పెయింట్‌ను పట్టేస్తుంది, ఒక్కోసారి చిన్న గుంటలా కొరికేస్తుంది కూడా.

వ్యాక్స్ ఉంటే నీరు బొట్లుబొట్లుగా జారిపోతుంది కదా, ఇక తుడవక్కర్లేదా?

ఇక్కడే చాలామంది మోసపోతారు. వ్యాక్స్ ఉన్న కారు మీద నీరు పరుచుకోకుండా ఉబ్బెత్తు బొట్లుగా నిలబడుతుంది. పక్కనున్న తలుపుల మీదైతే జారిపోతుంది, సరే. చదునుగా ఉండే బానెట్, టాప్, డిక్కీ మీద ఆ బొట్లు అలాగే కూర్చుంటాయి. ఒక్కో బొట్టులోని లవణమంతా ఒక్క చోటే దిగుతుంది. కాబట్టి వ్యాక్స్ కారును ఎండలో దానంతట అదే ఆరనిస్తే మచ్చలు ఇంకా స్పష్టంగా, గుండ్రంగా పడతాయి. వ్యాక్స్ వేసినవాళ్ళే ముందు తుడవాలి. బొట్లుగా ఉంది కాబట్టి తుడవడం సులువవుతుంది, అంతవరకే.

నీటి బొట్టు భూతద్దంలా పనిచేసి పెయింట్‌ను కాలుస్తుందంటారు, నిజమా?

కాదు. బాడీని అంటుకుని కూర్చున్న బొట్టు ఎండను ఒకచోటికి చేర్చినా ఆ చోటు పెయింట్ పైన ఉండదు, దాని కిందికి పోతుంది. చెడగొట్టేవి లవణాలు, వేడి.

సరే, పద్ధతి చెప్పండి. ఎక్కడ మొదలుపెట్టాలి?

కారును నీడలో పెట్టండి. అరచేయి వెనక భాగాన్ని బానెట్‌కు ఆనించండి, హాయిగా పెట్టి ఉంచలేకపోతే ఆగండి. ఇప్పుడే తిరిగొచ్చిన బండి అయితే ఇంజిన్ వేడి వల్ల నీడలో కూడా బానెట్ అరగంట దాకా చల్లబడదు.

ముందు షాంపూతో మామూలుగా కడిగేయాలి. ఒక బకెట్ షాంపూ నీళ్ళకు, ఒకటి మిట్ (చేతికి తొడుక్కుని కారు కడిగే మెత్తటి తొడుగు) జాడించుకోవడానికి. టాప్ నుంచి కిందికి రావాలి, కింది భాగం ఆఖర్న. చివరి జాడింపుకు పైపుకున్న గన్ తీసేయండి. నీటిని మెల్లగా వదిలి టాప్ మీద నుంచి పోస్తే నీరు దుప్పటిలా పరుచుకుని కిందికి దిగుతూ తనతోపాటు మిగతా బొట్లను ఈడ్చుకుపోతుంది. గన్‌తో చిమ్మితే వందల బొట్లు మళ్ళీ తయారవుతాయి. ఈ ఒక్క అలవాటుతో తుడవాల్సిన నీరు సగం తగ్గిపోతుంది. ఖర్చు సున్నా.

సైడ్ అద్దాలు, నంబర్ ప్లేట్ వెనక, టెయిల్ ల్యాంప్ సందులు నీళ్ళు దాచుకుంటాయి. అన్నీ తుడిచాక అద్దం కింద నుంచి ఒక ధార కారి తలుపు మీద గీత పెడుతుంది. బ్లోయర్ ఉంటే ఆ సందుల్లో ఊదండి. లేకపోతే పాత టవల్ ముక్క దోపి నీరు పీల్చేయండి.

ఇప్పుడు స్ప్రే. ఒక్కో ప్యానెల్‌కే. టాప్‌లో సగం, తర్వాత ఇంకో సగం, తర్వాత అద్దాలు వదిలేసి బానెట్, డిక్కీ, చివరికి తలుపులు. ప్యానెల్‌కు రెండు సార్లు నొక్కితే చాలు. టవల్‌ను వెడల్పుగా పరిచి రెండు మూలలు పట్టుకుని మీవైపు లాగండి. గట్టిగా రుద్దొద్దు, గుండ్రంగా తిప్పొద్దు. పెద్ద నీరు పోయాక పొడి టవల్‌తో ఒక్కసారి తేలిగ్గా తుడిస్తే చాలు. కారంతా ఒకేసారి స్ప్రే కొట్టేసి తర్వాత తుడుద్దామనుకుంటే మే నెలలో మూడో ప్యానెల్‌కు వచ్చేసరికి మొదటిది ఆరిపోయి ఉంటుంది.

మీరు తలుపుల దగ్గర ఉండగానే బానెట్ ఆరిపోతోందనిపిస్తే మళ్ళీ మంచినీళ్ళతో తడపండి. ఆరిన మచ్చ మీద రుద్దడం కన్నా అదే నయం.

ఏ టైంలో కడగాలి?

ఎండాకాలంలో ఏడు గంటల లోపు. సాయంత్రం కూడా కడగొచ్చు గానీ పొద్దుగూకిన వెంటనే కాదు, ఇనుము వేడి తగ్గాలి. ఉదయమైతే గాలి తక్కువగా ఉంటుంది, తడి కారు మీద దుమ్ము వాలదు. దుమ్ము వాలిన తడి ప్యానెల్‌ను టవల్‌తో లాగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

500 మిల్లీలీటర్ల సీసా ఎన్నిసార్లు వస్తుంది?

మామూలు ట్రిగ్గర్ ఒక నొక్కుకు సుమారు 1 మిల్లీలీటరు చిమ్ముతుంది. పది పన్నెండు ప్యానెళ్ళు, రెండేసి నొక్కులు అనుకుంటే ఒక వాష్‌కు 20 నుంచి 25 మిల్లీలీటర్లు. అంటే ఇరవై వాష్‌లు. సీసా నాలుగైదు వాష్‌లకే అయిపోతోందంటే మీరు వ్యాక్స్‌తో కారును కడుగుతున్నారన్నమాట. లేబుల్ మీద రాసి ఉంటే తప్ప నీళ్ళు కలపొద్దు. సీసాను కార్లో వదిలేసి ఎండలో పెట్టొద్దు, వేడికి మైనం, నీరు విడిపోతాయి. వాడేముందు ఊపాలి.

మా నాయన పాత పంచెతో తుడుస్తాడు, వద్దంటే వినడు. పంచె మెత్తగానే ఉంటుంది కదా?

చేతికి మెత్తగానే ఉంటుంది. కానీ నూలు పంచె త్వరగా తడిసి ముద్దవుతుంది, ఆపైన నీటిని అటూ ఇటూ తోయడమే. ఎక్కడైనా ఒక ఇసుక రేణువు తగిలితే దాన్ని లోపలికి తీసుకోదు, పెయింట్ మీదే ఈడ్చుకుంటూ పోతుంది. మడత కుట్టు కూడా గీస్తుంది. షాపుల్లో దొరికే పసుపు గుడ్డ కూడా అంతే, అది ఇంట్లో సామాన్లకు బాగుంటుంది.

మైక్రోఫైబర్ తీసుకోండి. పాలిస్టర్ 80, పాలిఅమైడ్ 20 పాళ్ళు గానీ, 70–30 గానీ ఉండేది, పెద్ద సైజు, మెలితిప్పిన లూపులు ఉన్న డ్రైయింగ్ టవల్ మంచిది. రెండు ఉంటే సరి, ఒకటి నీటికి, ఇంకొకటి చివరి తుడుపుకు. ఉతికేటప్పుడు కంఫర్ట్ లాంటివి వేయొద్దు, అవి పోగులకు పూత పూసి నీటిని పీల్చకుండా చేస్తాయి. నూలు బట్టలతో కలిపి ఉతికితే పోగులన్నీ దానికే అంటుకుంటాయి. కింద పడిన టవల్‌ను మళ్ళీ పెయింట్‌కు తాకనివ్వకండి, చక్రాలకు పంపించేయండి. నాయనకు పంచె వదలడం కష్టమైతే చక్రాలు, తలుపుల లోపలి అంచులు ఆయనకు అప్పగించండి. గొడవ ఉండదు.

ఇంట్లో ఆర్‌ఓ నుంచి పోయే నీళ్ళతో కడగొచ్చా? వృథా చేయడం ఎందుకని.

నీళ్ళు కొనుక్కునే ఊళ్ళో ఈ ఆలోచన మంచిదే. కానీ ఆర్‌ఓ బయటికి వదిలే నీళ్ళలో లవణాలు బోరు నీళ్ళ కంటే ఎక్కువ. మంచినీటి నుంచి తీసేసినవన్నీ దాంట్లోకే పోతాయి మరి. చక్రాలకు, ఫుట్‌మ్యాట్లకు, మొదటి తడుపుకు వాడండి. చివరి జాడింపుకు మాత్రం వద్దు.

దానికి ఎదురు ఏసీ నీళ్ళు. ఏసీ పైపు నుంచి కారేది గాలిలోని తేమ, లవణాలు దాదాపు ఉండవు. ఎండాకాలంలో బకెట్ పెట్టి పట్టుకోండి, వడగట్టి చివరి జాడింపుకు పోయండి. లేదా ఆర్‌ఓ క్యాన్ నీళ్ళు ఒక్క బకెట్ చాలు. కడగడమంతా బోరుతో, చివరి బకెట్ మాత్రమే మంచి నీరు. వాన నీళ్ళు కూడా పనికొస్తాయి గానీ ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్లే పడే అనంతపురంలో దాన్ని నమ్ముకుని కూర్చోలేం. కర్నూలులో తుంగభద్ర కుళాయి నీళ్ళు వచ్చేవాళ్ళు అదృష్టవంతులు, నది నీళ్ళు మామూలుగా బోరు కంటే మెత్తన. వాళ్ళు బోరు కట్టేసి కుళాయికి పైపు తగిలిస్తే సగం సమస్య తీరినట్టే.

ఎక్కడ కొట్టకూడదు?

బ్రేక్ డిస్కులు, ప్యాడ్లు. దీంట్లో వాదనే లేదు. చక్రాల దగ్గర స్ప్రేను గాల్లోకి కొట్టొద్దు, టవల్ మీద కొట్టుకుని రిమ్ తుడవండి. టైరు నేలను తాకే భాగానికి కూడా తగలకూడదు. ముందు అద్దం మీద పడితే వైపర్ తిరిగినప్పుడు రాత్రిపూట ఎదురు లైట్లకు మసక చార కనిపిస్తుంది. ఎన్‌హెచ్ 44 మీద రాత్రి ప్రయాణాలు చేసేవాళ్ళు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. పొరపాటున పడితే గ్లాస్ క్లీనర్‌తో రెండుసార్లు తుడిచి, వైపర్ రబ్బరు కూడా తుడవండి. స్టీరింగ్, పెడళ్ళు, సీట్ల జోలికి పోవద్దు. మ్యాట్ పెయింట్ కార్లకు మ్యాట్ అని రాసి ఉన్నదే వాడాలి, మామూలుది అక్కడక్కడా మెరిసి అందవికారంగా ఉంటుంది.

తుడిచాక చారలు కనిపిస్తున్నాయి. వ్యాక్స్ మంచిది కాదా?

సీసాను తిట్టేముందు మూడు చూడండి. ఎక్కువ కొట్టారా, ప్యానెల్ వేడిగా ఉందా, టవల్ ముద్దగా తడిసిపోయిందా. నూటికి తొంభైమందికి మొదటిదే. కాస్త తడిపి పిండిన మైక్రోఫైబర్‌తో ఒకసారి, పొడిదాంతో ఇంకోసారి తుడిస్తే పోతాయి. నల్ల కార్లు, ముదురు నీలం కార్లు ఉన్నవాళ్ళకు ఈ బాధ ఎక్కువ. తెల్ల కారు వాళ్ళకు చారలు ఉన్నా కనపడవు.

సిరామిక్ కోటింగ్ వేయించాను. దీని మీద వాడొచ్చా?

వాడొచ్చు, కానీ సిలికా ఆధారంగా చేసిన స్ప్రే అయితే కోటింగ్‌కు దగ్గరగా పనిచేస్తుంది. కార్నాబా కొడితే కోటింగ్ పాడవదు, నీరు జారే తీరు మారుతుందంతే. కోటింగ్ ఉన్న కారుకు నీటి మచ్చలు రావనుకోవడం మాత్రం పొరపాటు. వేల రూపాయలు పెట్టి కోటింగ్ వేయించి, బోరు నీళ్ళతో కడిగి ఎండలో వదిలేసిన కార్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

ఎన్ని రోజులు ఉంటుంది? ప్రతి వాష్‌కూ కొట్టాలా?

కొన్ని వారాలు. మన ఎండకు ఇంకా తక్కువే అనుకోండి. పేస్ట్ వ్యాక్స్, అంటే డబ్బాలో ముద్దగా వచ్చేది, రెండు మూడు నెలలు నిలుస్తుంది, సీలెంట్ అనే సింథటిక్ పూత అంతకంటే ఎక్కువ. స్ప్రే వాటికి బదులు కాదు, వాటి మీద పైపూత. తుడిచేటప్పుడు జారుడు కోసం ప్రతిసారీ వాడితే నష్టమేమీ లేదు, పొర మీద పొర మందంగా పేరుకోదు. నీరు బొట్లుగా నిలవకుండా పల్చగా పరుచుకుంటోందంటే పాతది పోయిందని అర్థం.

కడగకుండా దుమ్ము మీద స్ప్రే కొట్టి తుడిచేస్తే టైం కలిసొస్తుంది కదా?

వద్దు. మన దుమ్ములో ఇసుక ఉంది. ఒక పూట పల్చగా పడిన ధూళి వేరు, వారం రోజుల ఎర్రమట్టి వేరు. నీళ్ళు నిజంగా కరువైతే రిన్స్‌లెస్ వాష్ అని వేరే ద్రావణం దొరుకుతుంది, ఒక బకెట్ నీళ్ళలో కలిపి, చాలా టవళ్ళతో, మడత మార్చుకుంటూ తుడిచేది. దానికి కూడా మట్టి గడ్డలు కట్టిన కారు పనికిరాదు.

సర్వీసింగ్ సెంటర్లో "అన్నా, వ్యాక్స్ కొట్టాల్నా?" అని అడుగుతారు. కొట్టించనా?

సీసా చూపించమనండి. కొన్నిచోట్ల వ్యాక్స్ పేరుతో తుడిచేది కిరోసిన్ కలిపిన ద్రావణం. అరగంట బ్రహ్మాండంగా మెరుస్తుంది, ఇంటికొచ్చేసరికి దుమ్మంతా జిడ్డుకు అంటుకుని ఉంటుంది. తలుపుల చుట్టూ ఉండే రబ్బర్లకు కిరోసిన్, డీజిల్ పడవు, మెల్లగా ఉబ్బి పాడవుతాయి. కింద ఛాసిస్‌కు డీజిల్ కొట్టడం కూడా అలాంటి అలవాటే. వాళ్ళతో తగువు పెట్టుకోనక్కర్లేదు. మీ సీసా, మీ టవల్ తీసుకెళ్ళి "బాబూ, కడగడం నువ్వు చెయ్, తుడుపు నేను చూసుకుంటా" అనండి. మా దగ్గర చాలామంది ఇప్పుడు అలాగే చేస్తున్నారు, అక్కడ పనిచేసే కుర్రాళ్ళకు కూడా పని తగ్గిందని సంతోషమే.

తాడిపత్రిలో ఉంటాం. సిమెంటు, బండల పాలిష్ దుమ్ము రోజూ పడుతుంది. వ్యాక్స్ ఆపుతుందా?

ఆపదు. దిగిన దుమ్ము అంత గట్టిగా అంటుకోకుండా చూస్తుంది. సిమెంటు దుమ్ముకు తడి తగిలితే క్షార గుణం వస్తుంది, తడిసి ఆరితే గట్టిపడుతుంది. రాత్రి మంచు పడి ఉదయం ఎండ కాస్తే చాలు. ఎర్రగుంట్ల, బేతంచెర్ల వైపు వాళ్ళకూ ఇదే కథ. అలాంటి కారును పొడి గుడ్డతో అస్సలు తుడవకండి. ధారాళంగా నీళ్ళు పోసి దుమ్మును దానంతట అదే జారిపోనివ్వాలి, తర్వాతే మిట్. ఈ ఊళ్ళలో పేస్ట్ వ్యాక్స్ మూడు నెలలకోసారి వేసి, ప్రతి వాష్‌కూ స్ప్రే కొట్టమంటాను. రాత్రిపూట కవర్ వేసేముందు కారు శుభ్రంగా ఉందో లేదో చూడండి, దుమ్ము మీద కవర్ గాలికి కదిలితే అది ఉప్పుకాగితమే.

ఇప్పటికే పడిన మచ్చలు పోవాలంటే?

స్ప్రే వ్యాక్స్‌తో పోవు, కాసేపు కప్పబడతాయి. తెల్ల వెనిగర్‌లో సమానంగా మంచి నీళ్ళు కలిపి, నీడలో, చల్లటి ప్యానెల్ మీద గుడ్డతో అద్ది, ఒకటి రెండు నిమిషాలకు బాగా కడిగేయండి. కాల్షియం మచ్చ అయితే ఆమ్లానికి కరిగిపోతుంది. ఉన్న వ్యాక్స్ కూడా బలహీనపడుతుంది కాబట్టి మళ్ళీ వేసుకోవాలి. వేలితో తడిమితే గుంటలా తగిలితే ఇక పాలిష్ పనివాళ్ళ దగ్గరికే. అంట్లు తోమే లిక్విడ్‌తో, సబ్బు పొడితో రుద్దే ప్రయత్నం చేయకండి.

దసరాకు కారుకు పసుపు, కుంకుమ పెడతాం. మరక ఉండిపోతోంది.

పూజకు ముందురోజు కడిగి స్ప్రే వ్యాక్స్‌తో ఆరబెట్టండి. మైనం పొర మీద పెట్టిన బొట్టు తేలిగ్గా వస్తుంది. పూజ అయిన సాయంత్రమో, మర్నాడో నీళ్ళతో నానబెట్టి తీసేయండి, వారం ఉంచితే ఎండకు పట్టేస్తుంది. గంధం, పసుపు పొడి రేణువులు కూడా గీస్తాయి కాబట్టి పొడిగా ఉన్నప్పుడు గుడ్డ పెట్టి రుద్దొద్దు. తెల్ల కార్లకు పసుపు మరక కాస్త మొండిది, అయితే కడిగాక మిగిలిన రంగు ఎండ పడితే అదే వెలిసిపోతుంది. దండలు టేపుతో అంటించకండి, టేపు జిగురు తీయడం పసుపు కంటే కష్టం.

బైక్‌కు వాడొచ్చా?

ట్యాంకు, సైడ్ ప్యానెళ్ళు, మడ్‌గార్డులకు నిక్షేపంగా. సీటుకు వద్దు, బ్రేక్ వేస్తే ముందుకు జారతారు. డిస్కు దగ్గరలో స్ప్రే సీసా తెరవనే కూడదు, అన్నీ టవల్ మీద కొట్టుకుని తుడవండి. కడిగాక మొదటి వంద మీటర్లు మెల్లగా నడుపుతూ రెండు బ్రేకులూ నొక్కి చూసుకుని అప్పుడు రోడ్డెక్కండి.